ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకి అదనపు ట్వీటర్ కావాలా? డబ్బు తీసే ముందు ఇది చదవండి

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు హోమ్ థియేటర్లు చూడటానికి వెళ్లినప్పుడు కొన్ని ఇళ్లలో ఒక రకం స్పీకర్లు ఠక్కున కళ్లల్లో పడతాయి. మనిషి ఎత్తు ఉంటాయి, అరచేతి మందం కూడా ఉండవు, జల్లెడలోంచి చూసినట్టు వెనక గోడ కనిపిస్తుంది. ఇవే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు. వీటి ఓనర్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: "గొంతు అద్భుతంగా ఉంది కానీ మువ్వలు, తాళాలు, సింబల్స్ మెరవట్లేదు. పైన ఒక సూపర్ ట్వీటర్ తగిలిస్తే సరిపోతుందా?"

పొట్టి సమాధానం: కొందరికి సరిపోతుంది, ఎక్కువమందికి అసలు అవసరం లేదు. పొడుగు సమాధానం కింద ఉంది. ఓపిగ్గా చదివితే డబ్బు మిగులుతుంది, స్పీకర్ కూడా మిగులుతుంది.

ముందు ఇవి ఎలా పనిచేస్తాయో చూద్దాం

మామూలు స్పీకర్‌లో అయస్కాంతం, తీగచుట్ట, కాగితం కోన్ ఉంటాయి. ఎలక్ట్రోస్టాటిక్‌లో అవేమీ ఉండవు. మైలార్ లాంటి అతి పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి, దానికి అటూ ఇటూ చిల్లులున్న రెండు లోహపు పలకలు, అంతే. ఆ పలకల్ని స్టేటర్లు అంటారు. మధ్య పొరకి ఎప్పుడూ వేల వోల్టుల ఛార్జ్ ఇచ్చి ఉంచుతారు. యాంప్ నుంచి వచ్చే సిగ్నల్ ఒక ట్రాన్స్‌ఫార్మర్‌లో పెరిగి స్టేటర్లకి వెళుతుంది. ఒక పలక లాగుతుంది, ఇంకోటి నెడుతుంది, పొర కదులుతుంది. పొర బరువు దాదాపు లేనట్టే కాబట్టి శబ్దం మొదలైన క్షణంలోనే మొదలవుతుంది, ఆగిన క్షణంలోనే ఆగుతుంది. వీణ మీటు, తబలా దెబ్బ వీటిలో అంత నిజంగా ఉండటానికి కారణం ఇదే.

ఈ డిజైన్‌ని ఇళ్లలోకి తెచ్చి పేరు తెచ్చుకున్నది ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ స్థాపించిన క్వాడ్ కంపెనీ. వాళ్ల మొదటి ఈఎస్ఎల్ 1957లో వచ్చింది. ఇప్పుడు మనవైపు కనిపించేవి ఎక్కువగా మార్టిన్‌లోగన్ లాంటి హైబ్రిడ్‌లు. అంటే కింద మామూలు వూఫర్, పైన ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ అన్నమాట.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. పై శబ్దాలు పలకడం ఈ ప్యానెల్‌కి చేతకాని పని కాదు. మంచి ప్యానెల్ 20 కిలోహెర్ట్జ్ దాకా సులువుగా వెళుతుంది. మరి మెరుపు ఎక్కడ పోతోంది?

దొంగ నంబర్ 1: మీరు కూర్చున్న చోటు

శబ్దం పుట్టే తలం వెడల్పు, ఆ శబ్దపు తరంగం పొడవు కంటే ఎక్కువైతే, శబ్దం గదంతా పరుచుకోదు. టార్చ్ లైట్ లాగా సూటిగా ముందుకే పోతుంది. దీన్నే బీమింగ్ అంటారు.

లెక్క చూడండి. 10 కిలోహెర్ట్జ్ శబ్దం తరంగం పొడవు సుమారు 3.4 సెంటీమీటర్లు. ప్యానెల్ 22 సెంటీమీటర్ల వెడల్పుతో చదునుగా ఉందనుకుందాం. అప్పుడు మధ్య గీత నుంచి దాదాపు 9 డిగ్రీలు పక్కకి జరిగితే చాలు, ఆ శబ్దం దాదాపు మాయమవుతుంది. మీరు 3 మీటర్ల దూరంలో కూర్చుంటే 9 డిగ్రీలంటే అర మీటరు కూడా కాదు. సోఫాలో మధ్యలో ఉన్నాయనకి మువ్వలు వినిపిస్తాయి, పక్కన కూర్చున్నావిడకి వినిపించవు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు!

కంపెనీలకి ఇది తెలుసు. అందుకే మార్టిన్‌లోగన్ ప్యానెల్‌ని విల్లులా వంచింది. క్వాడ్ 1981లో తెచ్చిన ఈఎస్ఎల్-63లో స్టేటర్‌ని వలయాలు వలయాలుగా చేసి, లోపలి వలయం నుంచి బయటికి కొద్ది కొద్ది ఆలస్యంతో సిగ్నల్ ఇచ్చారు. చెరువులో రాయి వేస్తే అలలు విచ్చుకున్నట్టు శబ్దం విచ్చుకోవాలని. దీనివల్ల సమస్య తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

దొంగ నంబర్ 2: మీ యాంప్లిఫయర్

చాలామంది దృష్టి దీనిమీదకి పోదు. విద్యుత్ పరంగా చూస్తే ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ ఒక పెద్ద కెపాసిటర్. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాని ఇంపీడెన్స్ పడిపోతుంది. బాక్స్ మీద 4 ఓమ్‌లు లేదా 6 ఓమ్‌లు అని రాసి ఉన్నా, 20 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి కొన్ని మోడల్స్ 1 ఓమ్ దరిదాపులకి దిగిపోతాయి.

ఇప్పుడు మీ దగ్గర ముచ్చటైన ట్యూబ్ యాంప్ ఉందనుకోండి. దాని సొంత అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 1 ఓమ్ అనుకుందాం. స్పీకర్ కూడా 1 ఓమ్‌కి దిగితే, ఆ చివరి శబ్దాల్లో 3 నుంచి 6 డీబీ దాకా యాంప్‌లోనే ఆగిపోతుంది. మంచి ట్రాన్సిస్టర్ యాంప్‌లో ఈ ఇంపీడెన్స్ 0.1 ఓమ్ కంటే తక్కువ ఉంటుంది కాబట్టి ఆ నష్టం దాదాపు ఉండదు. అయితే అది తక్కువ ఓమ్‌లని తట్టుకునేంత గట్టిదై ఉండాలి, లేకపోతే ప్రొటెక్షన్‌లోకి పోతుంది.

కేబుల్ కూడా ఇందులో భాగమే. యాంప్ ఒక గదిలో, స్పీకర్లు ఇంకో గదిలో పెట్టి 10 మీటర్ల మామూలు జంట వైర్ లాగితే, దాని ఇండక్టెన్స్ ఒక్కటే 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.75 ఓమ్ పైన ఉంటుంది. కెపాసిటర్ లాంటి లోడ్‌తో అది కలిసినప్పుడు పై చివర శబ్దం పొంగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. యాంప్‌ని స్పీకర్ల దగ్గరికి జరపండి. పైసా ఖర్చు లేదు.

దొంగ నంబర్ 3: దుమ్ము, వయసు

వేల వోల్టుల ఛార్జ్ ఉన్న చోటికి దుమ్ము పిలవకుండానే వస్తుంది. పక్క ప్లాట్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉండే మన కాలనీల్లో ఇక చెప్పక్కర్లేదు. ప్యానెల్ మీద దుమ్ము పట్టినా, వర్షాకాలం తేమకి ఛార్జ్ కారిపోతున్నా, పొర మీద పూత వయసైపోయినా ప్యానెల్ సౌండ్ తగ్గుతుంది. హైబ్రిడ్‌లో కింద వూఫర్ బాగానే ఉంటుంది. దాంతో మనకి "బేస్ బాగుంది, ట్రెబుల్ పోయింది" అనిపిస్తుంది. నిజానికి పోయింది ట్రెబుల్ ఒక్కటే కాదు, గొంతు కూడా తగ్గింది. దీనికి ట్వీటర్ పెట్టడం అంటే కళ్లద్దాలు తుడవకుండా బల్బు వాట్స్ పెంచడమే.

తయారీదారు మాన్యువల్ ప్రకారం ప్లగ్ తీసి, కొన్ని గంటలు వదిలేసి, మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో బయటి నుంచి పీల్చండి. తడి గుడ్డ, స్ప్రే వద్దు.

దొంగ నంబర్ 4: గది

ఈ ప్యానెల్స్ ముందుకి ఎంత పలుకుతాయో వెనక్కీ అంతే పలుకుతాయి. వెనక గోడకి దళసరి వెల్వెట్ కర్టెన్ వేసి, స్పీకర్ని దానికి ఆనించినట్టు పెడితే వెనక్కి వెళ్లిన పై శబ్దాలన్నీ ఆ గుడ్డ మింగేస్తుంది. ముందు కర్టెన్ పక్కకి లాగి, స్పీకర్ని గోడకి మూడడుగులైనా దూరం జరిపి వినండి. దీనికి రివర్స్ కూడా ఉంది. ఇటాలియన్ మార్బుల్ నేల, నిలువెత్తు అద్దాలు ఉన్న హాల్లో పై శబ్దాలు ఇప్పటికే ఎక్కువ. అక్కడ ట్వీటర్ కలిపితే గంటకే తలనొప్పి.

దొంగ నంబర్ 5: పాట, చెవి

ఎఫ్ఎం రేడియోలో 15 కిలోహెర్ట్జ్ పైన ప్రోగ్రామ్ ఉండదు. నాసిరకం ఎంపీ3లు, తక్కువ బిట్‌రేట్ స్ట్రీమింగ్ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేస్తాయి. సీడీ అయితే 22.05 కిలోహెర్ట్జ్ పైన ఏమీ దాచుకోలేదు. మీ ఫైల్‌లో ఏముందో స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వేసి బొమ్మ చూడొచ్చు.

ఇక చెవి. పుస్తకాల్లో 20 కిలోహెర్ట్జ్ అని రాస్తారు కానీ అది కుర్రాళ్ల లెక్క. యాభై దాటిన చాలామందికి 12, 14 కిలోహెర్ట్జ్ పైన వినడం కష్టం. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, మంచి ఇయర్‌ఫోన్స్‌లో, సౌండ్ తక్కువలో పెట్టి చెక్ చేసుకోండి. 13 దగ్గర ఆగిపోతే, 20 పైన పలికే సూపర్ ట్వీటర్ మీకెందుకో మీరే ఆలోచించండి.

ఫిల్మ్‌నగర్‌లో ఒక గది

ఇవన్నీ ఒకే ఇంట్లో ఎలా కలుస్తాయో ఒక ఉదాహరణ. సినిమాలకి సౌండ్ ఎడిటింగ్ చేసే మిత్రుడు ఒకాయన ఫిల్మ్‌నగర్‌లో ఉంటాడు. హైబ్రిడ్ ఎలక్ట్రోస్టాటిక్ జత, దానికి ట్యూబ్ యాంప్. "పైన చచ్చిపోయినట్టుంది బ్రదర్, రిబ్బన్ ట్వీటర్ చూశాను, ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నాడు. "రెండు రోజులు ఆగు గురూ, ముందు కొలుద్దాం" అన్నాను.

ఆగమనడానికి గట్టి కారణం ఉంది. ఆయన ఇంట్లో సరదాగా పాటలు వినడంతో ఆగడు. స్టూడియోలో చేసిన రీల్ ఇంటికి తెచ్చుకుని రాత్రిపూట మళ్లీ వింటాడు. ఇంట్లో స్పీకర్ ట్రెబుల్ ఎక్కువ చూపిస్తే, మర్నాడు వెళ్లి మిక్స్‌లో ట్రెబుల్ తగ్గిస్తాడు. అప్పుడు థియేటర్లో డైలాగ్ మొద్దుబారుతుంది. తక్కువ చూపిస్తే ఇంకా ప్రమాదం, స, శ, ష అక్షరాలు చెవిలో గుచ్చుకునే మిక్స్ బయటికి వెళుతుంది. ఆయనకి ఇది అన్నం పెట్టే విద్య.

యూమిక్-1 లాంటి కాలిబ్రేషన్ ఫైల్ ఉన్న యూఎస్‌బీ మైక్, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ తీసుకెళ్లాను. ఫోన్ మైక్‌తో ఈ పని చెయ్యకండి, పై చివర దాన్ని నమ్మలేం. మొదట ఉన్నది ఉన్నట్టు కొలిచాం. తర్వాత ప్యానెల్స్ శుభ్రం చేసి కొలిచాం. తర్వాత తక్కువ ఓమ్‌లు తట్టుకునే ట్రాన్సిస్టర్ యాంప్ ఒకటి అరువు తెచ్చి మార్చాం. పోయిందనుకున్న ట్రెబుల్‌లో ఎక్కువ భాగం యాంప్ మార్చగానే తిరిగొచ్చింది. ఆయన కుర్చీలో ఇక లోటు లేదు. మిగిలింది పక్క సోఫా సమస్య ఒక్కటే. ట్వీటర్ గురించి మాట్లాడాల్సింది అక్కడే.

ట్వీటర్ కలిపితే లోపల జరిగేది

ఒకే శబ్దాన్ని రెండు చోట్ల నుంచి పలికిస్తే అవి కలిసి పెరగాలని లేదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర సగం తరంగం అంటే 1.7 సెంటీమీటర్లు. మీ చెవికి ప్యానెల్ దూరం, ట్వీటర్ దూరం మధ్య ఆ మాత్రం తేడా ఉంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తల కొంచెం కదిపితే మళ్లీ కలుస్తాయి. గ్రాఫ్‌లో ఇది దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. వినడానికి మొదటి రోజు "అబ్బ, ఎంత డీటెయిల్" అనిపిస్తుంది, వారానికి చిరాకు పుడుతుంది.

రెండో చిక్కు దూరం. పొడుగు ప్యానెల్ సౌండ్, దగ్గరి దూరాల్లో, దూరం రెట్టింపైతే దాదాపు 3 డీబీ తగ్గుతుంది. చిన్న ట్వీటర్‌ది 6 డీబీ తగ్గుతుంది. స్పీకర్ దగ్గర నిలబడి సరిచేసిన బ్యాలెన్స్ సోఫా దగ్గర ఉండదు. అందుకే లెవెల్ ఎప్పుడూ కూర్చునే చోటు నుంచే సెట్ చెయ్యాలి.

ఈ పనిని పెద్ద ఎత్తున చేసినవాళ్లు ఉన్నారు. 1970లలో మార్క్ లెవిన్సన్ కంపెనీ హెచ్‌క్యూడీ అనే సిస్టమ్ చేసింది. ఒక్కో వైపు రెండేసి క్వాడ్ ఈఎస్ఎల్‌లు, 24 అంగుళాల హార్ట్‌లీ వూఫర్, రెండు ప్యానెల్స్ మధ్యలో డెక్కా రిబ్బన్ ట్వీటర్. అందులో కిటుకు గమనించండి. క్రాసోవర్ పెట్టి పని పంచారు. బేస్ హార్ట్‌లీకి, మధ్య భాగం క్వాడ్‌లకి, పై చివర రిబ్బన్‌కి. ఒకే పనిని ఇద్దరికి అప్పగించలేదు. మనం ఇంట్లో చేసేది మాత్రం ఉన్న ప్యానెల్ మీద ఇంకోటి కలపడం. తేడా అక్కడుంది.

అయినా పెట్టాలంటే ఇలా పెట్టండి

ఒకటి. సాధ్యమైతే ట్వీటర్ని మీ ముఖం వైపు పెట్టకండి. ప్యానెల్ వెనక, గోడ వైపో పైకప్పు వైపో తిప్పి పెట్టండి. అప్పుడు మధ్య కుర్చీకి వచ్చే సూటి శబ్దం దాదాపు చెడదు. గోడ మీద పడి పరుచుకున్న పై శబ్దం పక్క సోఫాలకి అందుతుంది. ప్యానెల్ బీమింగ్ వల్ల గదికి అందనిది ఇదే కాబట్టి, కలపాల్సింది కూడా ఇదే.

రెండు. ట్వీటర్‌కి సిరీస్‌లో కెపాసిటర్ లేకుండా ఎప్పుడూ కలపొద్దు, క్షణాల్లో కాలిపోతుంది. 8 ఓమ్‌ల ట్వీటర్‌కి 2.2 మైక్రోఫారడ్ పెడితే సుమారు 9 కిలోహెర్ట్జ్ నుంచి, 1.5 పెడితే సుమారు 13 నుంచి, 1 పెడితే సుమారు 20 నుంచి పూర్తి స్థాయిలో పలుకుతుంది. కింద ఒక్కసారిగా ఆగదు, ఆక్టేవ్‌కి 6 డీబీ చొప్పున తగ్గుతూ వస్తుంది. నేనైతే 1 లేదా 1.5తో మొదలుపెడతాను. పాలీప్రొపిలీన్ రకం తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి.

మూడు. సెన్సిటివిటీ సరిచెయ్యాలి. హార్న్ ట్వీటర్లు భలే గట్టిగా పలుకుతాయి. ఉదాహరణకి ఫోస్టెక్స్ టీ90ఏ 106 డీబీ. మీ ప్యానెల్ 91 డీబీ అనుకుంటే 15 డీబీ తగ్గించాలి. దానికి ఎల్-ప్యాడ్ అనే రెండు రెసిస్టర్ల సర్క్యూట్ చాలు. ట్వీటర్ 8 ఓమ్‌లైతే సిరీస్‌లో 6.8 ఓమ్‌లు, ట్వీటర్‌కి అడ్డంగా 1.8 ఓమ్‌లు. లెక్క సరిగ్గా 15 డీబీకి వస్తుంది. వెనక్కి తిప్పి పెట్టినప్పుడు ఇంత తగ్గించక్కర్లేకపోవచ్చు, విని చూసుకోండి.

నాలుగు. యాంప్ మీద భారం పెరుగుతుందేమోనని భయం వద్దు. 1 ఓమ్‌కి దిగే ప్యానెల్ పక్కన 8 ఓమ్‌ల ట్వీటర్ కలిపితే మొత్తం 0.9 ఓమ్ దగ్గర ఉంటుంది. కష్టం ముందు నుంచీ ప్యానెల్‌దే.

ఐదు. తీర్పు కళ్లు మూసుకుని చెప్పండి. ఇంకొకళ్లని వెనక కూర్చోబెట్టి, మీకు చెప్పకుండా ట్వీటర్ వైర్ తీసి, పెట్టి, పదిసార్లు అడగమనండి. ఎప్పుడు ఉందో చెప్పలేకపోతే తిరిగి ఇచ్చెయ్యండి. ప్రతిసారీ చెప్పగలుగుతుంటే సౌండ్ ఎక్కువైందని అర్థం కావచ్చు, కొంచెం తగ్గించండి. ఉన్నప్పుడు తెలియకుండా, తీసేస్తే లోటు తెలిసేది సరైన లెవెల్.

సినిమా సౌండ్‌కి ఇంకో మెలిక

థియేటర్లు, సినిమా మిక్సింగ్ గదులు ఎక్స్-కర్వ్ అనే పాత ప్రమాణాన్ని పాటిస్తూ వచ్చాయి. 2 కిలోహెర్ట్జ్ దాకా సమంగా, ఆ పైన ఆక్టేవ్‌కి 3 డీబీ చొప్పున తగ్గుతూ, 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 7 డీబీ కిందికి. ఆ గదిలో సరిగ్గా వినిపించేలా చేసిన ట్రాక్‌ని యథాతథంగా ఇంటి స్పీకర్లో వేస్తే కాస్త పదునుగానే వినిపిస్తుంది. దాని మీద ట్వీటర్ కలిపారనుకోండి, ఫైట్ సీన్‌లో అద్దాలు పగిలితే మీ పళ్లు జివ్వుమంటాయి. అందుకే సినిమాలు ఎక్కువ చూసే ఇంట్లో ట్వీటర్‌కి ఒక స్విచ్ పెట్టుకోండి. మన సౌండ్ ఎడిటర్ మిత్రుడు అదే చేశాడు. ఇంటిల్లిపాదీ పాటలు వినేటప్పుడు ఆన్, పని చేసుకునేటప్పుడు ఆఫ్.

పాత పాటల అభిమానులకి వేరే మాట. ఘంటసాల కాలం సినిమా పాటలు మద్రాసులో మోనోలో రికార్డయినవి. ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌లో పై శబ్దాలకి చోటు చాలా తక్కువ. అక్కడి నుంచి వచ్చిన కాపీల్లో 10 కిలోహెర్ట్జ్ పైన మీకు దొరికేది ఎక్కువగా బుస శబ్దమే. వాటికోసం సూపర్ ట్వీటర్ కొంటే ఆ బుసని పెద్దది చేసుకోవడమే అవుతుంది. ఆ గొంతులకి మీ ప్యానెల్ ఒక్కటే చాలు, ఇంకేమీ కలపకండి.

ఇది మాత్రం చెయ్యొద్దు

ట్వీటర్ వైర్లు స్పీకర్ వెనక టెర్మినల్స్ దగ్గరో, యాంప్ దగ్గరో మాత్రమే కలపండి. ప్యానెల్ విప్పి లోపల ట్యాప్ చెయ్యాలని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లని ఇంట్లోకి రానివ్వకండి. క్వాడ్ మొదటి ఈఎస్ఎల్‌లో బేస్ ప్యానెల్స్‌కి 6000 వోల్టులు, ట్రెబుల్ ప్యానెల్‌కి 1500 వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీసినా ఛార్జ్ వెంటనే పోదు. వారంటీ పోవడం దాని ముందు చిన్న విషయం.

ఎవరికి ఓకే, ఎవరికి వద్దు

ఓకే: చదునైన లేదా వెడల్పైన ప్యానెల్ ఉండి, నలుగురైదుగురు కలిసి వినే ఇల్లు, గది మరీ ప్రతిధ్వనించకపోవడం, యాంప్, దుమ్ము, కర్టెన్ అన్నీ సరిచూసుకున్నాక కూడా పక్క సీట్లో లోటు ఉండటం.

వద్దు: ఒక్కరే మధ్యలో కూర్చుని వినేవాళ్లు, ట్యూబ్ యాంప్‌తో లోటు పడుతున్నవాళ్లు, ముందు యాంప్ మార్చి చూడండి, పదేళ్లు దాటిన ప్యానెల్స్ ఉన్నవాళ్లు, ముందు వాటిని సర్వీస్ చేయించండి, పాత పాటలే వినేవాళ్లు, మిక్సింగ్ లాంటి పని ఇంట్లో చేసేవాళ్లు, తప్పక స్విచ్ ఉండాలి.

ఖర్చు వరుస కూడా చెప్పేస్తాను. ముందు వాక్యూమ్ క్లీనర్, తర్వాత స్పీకర్ జరపడం, ఆ తర్వాత అరువు యాంప్‌తో ఒక సాయంత్రం, తర్వాత కొలిచే మైక్. ఇవన్నీ అయ్యాక కూడా లోటు ఉంటే అప్పుడు ట్వీటర్ కొనండి. ఆ వరుసలో వెళితే చాలామంది నాలుగో మెట్టు దాటరు.